గేమ్ సందేహాలు: రేటింగ్ తొంభై, ఆట మాత్రం నడవదు

ఈసారి వచ్చిన మెయిళ్లలో సగానికి పైగా ఒకటే గొడవ, రేటింగులు. ఎవరు ఇస్తారు, ఎందుకు ఇస్తారు, నమ్మాలా వద్దా అని. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి అందరికీ ఊరి పేరుతోనే సరిపెడుతున్నాం.

ప్రశ్న: అన్నా, ఎల్డెన్ రింగ్‌కి 95 వచ్చిందంటే సేల్‌లో కొన్నా. ఫ్రెండ్స్ అందరూ అదుర్స్ అన్నరు. నా లాప్‌టాప్‌ల పెడితే ఆగి ఆగి నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650, ర్యామ్ 8 జీబీ. ఆ రివ్యూలు రాసినోళ్లు ఏ గేమ్ ఆడిన్రు మరి? (బీటెక్ విద్యార్థి, హనుమకొండ)

జవాబు: నువ్వు ఆడిందే ఆడారు తమ్ముడూ, కాకపోతే నీ లాప్‌టాప్‌లో ఆడలేదు. ముందు ఒకటి చూసుకో. ఆ గేమ్ అమ్మే పేజీలో కింద మినిమమ్ అని రాసిన చోట 12 జీబీ ర్యామ్ అని ఉంటుంది. నీ దగ్గర ఉన్నది 8. అంటే కొనకముందే ఆ పేజీ నీకు జవాబు చెప్పేసింది, 95 చూసిన ఊపులో అక్కడిదాకా వెళ్లలేదు అంతే. ఇంకో 8 జీబీ స్టిక్ వేయించుకుంటే చాలావరకు దారిలో పడుతుంది, ఎలాగూ ఆ లాప్‌టాప్‌కి అది అవసరమే.

అలాగని తప్పంతా నీ మీద వేయను. ఈ గేమ్ 2022 ఫిబ్రవరి 25న విడుదలైనప్పుడు విమర్శకులు 95కి అటూ ఇటూగా ఇచ్చారు, ఆకాశానికెత్తారు. అదే రోజు స్టీమ్‌లో (పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) కొన్నవాళ్ల రివ్యూలు మాత్రం 'మిక్స్‌డ్' అని చూపించాయి. ఖరీదైన కార్డులు ఉన్నవాళ్లకి కూడా పీసీలో మధ్య మధ్యలో బొమ్మ పట్టేసేది. ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరు గేమ్ ఎంత బాగా తయారుచేశారో చెప్పారు, ఇంకొకరు డబ్బు పెట్టి కొన్న వస్తువు ఆ రోజు తమ ఇంట్లో ఎలా నడిచిందో చెప్పారు. నీకు కావాల్సింది రెండోది, నువ్వు చూసింది మొదటిది.

దీనికంటే ఘోరమైనది సైబర్‌పంక్ 2077 వ్యవహారం. 2020 డిసెంబర్ 10న విడుదల. విడుదలకి ముందు రివ్యూయర్లకి పంపింది పీసీ కాపీలు మాత్రమే, పైగా మొదటి రివ్యూల్లో సొంతంగా రికార్డ్ చేసిన వీడియో వాడొద్దని, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే చూపించాలని షరతు. మంచి పీసీల్లో బాగానే ఉంది కాబట్టి మార్కులు బాగా వచ్చాయి, పత్రికల మార్కులన్నీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్ సైట్‌లో పీసీ వెర్షన్‌కి 86. ఆ మార్కులు చూసి పాత ప్లేస్టేషన్ 4లో కొనుక్కున్నవాళ్లకి మనుషుల మొహాలు సగం లోడవడం, గేమ్ మాటిమాటికీ క్రాష్ అవడం. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి ఆ గేమ్‌నే తీసేసి, డబ్బులు వాపసు ఇస్తామంది. మళ్లీ అది స్టోర్‌లో కనిపించింది 2021 జూన్‌లో. తర్వాత పీఎస్4 వెర్షన్‌కి విడిగా వచ్చిన మార్కులు యాభైల్లో ఉన్నాయి. ఒకటే పేరు, ఒకటే అట్ట, మార్కుల్లో దాదాపు ముప్పై తేడా. కాబట్టి ఏ స్కోరు చూసినా అది ఏ మెషీన్‌ది అన్నది ముందు చూడాలి.

ఇప్పుడు స్టీమ్ పేజీ ఎలా చదవాలో చెప్తాను, కొంచెం ఓపిక పట్టు. పైన రెండు లైన్లు ఉంటాయి, ఒకటి మొత్తం రివ్యూలది, ఇంకొకటి ఈమధ్య వచ్చినవి. రెండూ పొంతన లేకుండా ఉంటే ఏదో జరిగిందని అర్థం, ఒక అప్‌డేట్ చెడగొట్టి ఉండొచ్చు, బాగుచేసి కూడా ఉండొచ్చు. అక్కడ కనిపించే శాతం మార్కు కాదు, ఎంతమంది 'కొనొచ్చు' అన్నారో ఆ లెక్క. 90 శాతం అంటే గేమ్ నూటికి తొంభై తెచ్చుకుందని కాదు, పదిమందిలో తొమ్మిదిమందికి పర్లేదనిపించిందని, వాళ్లందరికీ అది ఓ మోస్తరుగా నచ్చి ఉండొచ్చు కూడా. తర్వాత ఒక్కో రివ్యూ పక్కన ఎన్ని గంటలు ఆడారో, రివ్యూ రాసేనాటికి ఎన్ని గంటలో రెండూ ఉంటాయి. అరగంట ఆడి 'చెత్త' అన్నవాణ్ని వదిలెయ్, కానీ అరగంటలో నాలుగుసార్లు క్రాష్ అయిందన్నవాణ్ని మాత్రం వదలొద్దు, వాడు నీ చుట్టం. నెగటివ్ రివ్యూల్లోకి వెళ్లి నీ కార్డు పేరు వెతుకు. జీటీఎక్స్ 1650 మన దేశంలో లాప్‌టాప్‌ల్లో బోలెడు, ఎవరో ఒకరు రాసే ఉంటారు.

ఇంకోసారి ఇలా ఇరుక్కుంటే స్టీమ్‌లో రిఫండ్ ఉంది. కొని 14 రోజులు దాటకూడదు, ఆడింది 2 గంటలు మించకూడదు. కారణం ఏదైనా పర్లేదు. కట్టిన పద్ధతిలోకి వెనక్కి పంపడం కుదరకపోతే స్టీమ్ వాలెట్‌లో వేస్తారు. కొత్త గేమ్ పెట్టగానే మొదటి గంటలో మాటలు స్కిప్ చేసి, జనం ఎక్కువగా ఉండే చోటికో ఫైటింగ్ జరిగే చోటికో వెళ్లి చూడు. మెషీన్ తట్టుకుంటుందో లేదో అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: ఏ గేమ్ చూసినా 7, 8, 9 తప్ప మార్కులే ఉండవా? 3 వచ్చిన గేమ్ ఒక్కటీ కనిపించదు. స్కూల్లో లాగా 35కి పాసు కాదా ఇక్కడ? (విజయవాడ)

జవాబు: కాదు. ఇక్కడ 70 వస్తే తల్లిదండ్రుల్ని పిలిపిస్తారు. మెటాక్రిటిక్ రంగులు చూడండి, గేముల్లో 75 నుంచి ఆకుపచ్చ, 50 నుంచి 74 దాకా పసుపు, ఆ కింద ఎరుపు. అదే సైట్‌లో సినిమాకి 61 వస్తేనే ఆకుపచ్చ. 65 తెచ్చుకున్న సినిమా 'బాగుంది' అవుతుంది, 65 తెచ్చుకున్న గేమ్ 'ఏదో లే' అవుతుంది. ఇంటర్నెట్‌లో గేముల వాళ్లు ఎందుకింత ఉదారంగా ఉంటారని సినిమా వాళ్లు అడిగితే ఇదీ జవాబు, అంకెలు ఒకటే, వాటి విలువ వేరు.

మూడు వచ్చినవి కనిపించకపోవడానికి మామూలు కారణం ఇంకోటి ఉంది. 2024లో ఒక్క స్టీమ్‌లోనే 18 వేలకు పైగా గేములు వచ్చాయి. ఒక పత్రికలో పదిమంది రివ్యూయర్లు ఉన్నా ఏడాదికి కొన్ని వందలు రాయగలరు. నిజంగా అడుగున ఉండేవాటిని ఎవరూ ముట్టుకోరు, పెద్ద కంపెనీ కోట్లు పోసి తీసినవీ, జనం అడుగుతున్నవీ రాస్తారు. కోట్లు పోసినవి కనీసం నడుస్తాయి కదా, అక్కడే ఆరో ఏడో పడిపోతుంది.

మార్కుల పద్ధతులు కూడా తలా ఒకటి. జపాన్‌లో 1986లో మొదలైన ఫామిత్సు పత్రికలో నలుగురు కూర్చుని ఒక్కొక్కరు పదికి వేస్తారు, మొత్తం 40. మొట్టమొదటి 40కి 40 వచ్చింది 1998లో జెల్డా ఒకరీనా ఆఫ్ టైమ్‌కి. మెటాక్రిటిక్ ఇలాంటివన్నీ నూటికి మార్చి సగటు తీస్తుంది, అదీ మామూలు సగటు కాదు, కొన్ని పత్రికలకి ఎక్కువ బరువు, కొన్నిటికి తక్కువ, ఎవరికెంతో బయటపెట్టదు. ఐదుకి మూడు నక్షత్రాలు ఇచ్చినవాడు 'ఫర్లేదు, సరదాగా ఉంది' అనే ఉద్దేశంతో ఇస్తాడు, నూటికి మారగానే అది 60, పసుపు రంగు. విసుగొచ్చి యూరోగేమర్ అనే గేమ్ సైట్ 2015లో మార్కులే తీసేసి 'ఆడొచ్చు', 'ఆడొద్దు' తరహాలో ముద్రలు వేయడం మొదలుపెట్టింది. 2023లో మళ్లీ ఐదు నక్షత్రాలకి వచ్చేసింది. అంకె లేకపోతే జనం ఆగరు మరి. మన సినిమా సైట్లు 2.75 వేస్తే 'మూడెందుకు వేయలేదు' అని కొట్టుకునేవాళ్లం, ఈ సంగతి మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: సార్, రివ్యూలన్నీ పెయిడే కదా? నాన్చకుండా తేల్చి చెప్పండి. (రాజమహేంద్రవరం)

జవాబు: అన్నీ కావు. పేరున్న పత్రికల్లో కవర్లో డబ్బులు పెట్టి తొమ్మిది వేయించుకోవడం మీరనుకున్నంత జరగదు. జరిగేది ఇంకొంచెం తెలివిగా జరుగుతుంది.

2007 నవంబర్‌లో గేమ్‌స్పాట్ అనే సైట్‌లో జెఫ్ గెర్‌స్ట్‌మన్ అనే సీనియర్ సంపాదకుడు కేన్ అండ్ లించ్ అనే గేమ్‌కి 6 ఇచ్చాడు. ఆ రోజుల్లో ఆ సైట్ ముఖచిత్రం నిండా ఆ గేమ్ ప్రకటనలే. కొద్దిరోజులకే ఆయన ఉద్యోగం పోయింది. ప్రకటనల ఒత్తిడి కారణం కాదని అప్పట్లో సైట్ వాళ్లు అన్నారు. ఆయన బయటికి వెళ్లి జెయింట్ బాంబ్ అనే సొంత సైట్ పెట్టుకున్నాడు. 2012లో పాత సైట్ యజమాన్య సంస్థే ఆ సైట్‌ని కొనేసింది, అప్పుడు ఆయన నోరు విప్పి పైవాళ్లు ప్రకటనదారుల ఒత్తిడికి తలొగ్గారని చెప్పాడు. ఇందులో నాకు ఆసక్తిగా అనిపించేది ఏంటంటే, ఎవరూ ఆయనకి డబ్బివ్వజూపలేదు. ఒక మనిషి ఉద్యోగం పోతే మిగతా యాభైమందికి ఏం అర్థం కావాలో అది అర్థమవుతుంది, ఆ తర్వాత చెప్పాల్సిన పని ఉండదు.

రెండోది కాపీల సంగతి. గేమ్ బయటికి రాకముందే రివ్యూ రావాలంటే కాపీ కంపెనీయే ఇవ్వాలి, ఉచితంగానే ఇస్తుంది, అది లంచమేమీ కాదు, పని సామాను. దాంతోపాటు ఫలానా రోజు ఫలానా గంట దాకా ఏమీ రాయొద్దని ఎంబార్గో ఉంటుంది. అదీ తప్పు కాదు, లేకపోతే ముందు వేయాలని సగం ఆడి రాసేస్తారు. మీరు చూడాల్సింది ఆ ఎంబార్గో ఎప్పుడు తీరుతోందన్నది. విడుదలకి వారం ముందు తీరిందంటే కంపెనీకి ధైర్యం ఉందని. విడుదల రోజు మధ్యాహ్నం తీరుతోందంటే ముందే బుక్ చేసుకున్నవాళ్ల డబ్బు జేబులో పడ్డాకే సంగతి బయటికి రావాలనుకుంటోందని అనుమానించొచ్చు. అందుకే ముందే కొనడం నాకు నచ్చదు, డిజిటల్ కాపీ అయిపోతుందా ఏమైనా?

ఇక మీరు నిజంగా భయపడాల్సింది ఎక్కడంటే, మన ఫోన్లలో. మొబైల్ గేమ్ గురించి ఓ యూట్యూబర్ 'మామా, ఈ గేమ్ వేరే లెవెల్' అంటూ డిస్క్రిప్షన్‌లో లింక్ పెడితే అది రివ్యూనా, ప్రకటనా? మన దేశంలో 2021 జూన్ నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి నియమాలున్నాయి, డబ్బు తీసుకుని చెప్పేది ప్రకటన అని స్పష్టంగా ముద్ర వేయాలి. ఎంతమంది వేస్తున్నారో మీకే తెలుసు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లని ప్రచారం చేశారని హైదరాబాద్‌లో యూట్యూబర్ల మీద, సినిమావాళ్ల మీద పోలీసులు కేసులు పెట్టారు గుర్తుందా? ఆ వీడియోల్లో చాలా వాటి మాటతీరు అచ్చం గేమ్ రివ్యూలాగే ఉండేది. నేను ఇంత ఆడాను, నాకు ఇంత వచ్చింది, మీరూ ట్రై చేయండి అని. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చట్టం కూడా చేసింది. పత్రికలో ఆరు బదులు ఏడు పడిందా అని గొడవపడే ముందు ఇటు చూడండి.

నేనైతే ఒకటి చూస్తాను. ఆ రివ్యూలో కొనకుండా ఉండటానికి ఒక్క కారణమైనా ఉందా? లోడింగ్ ఎక్కువనో, మూడోవంతు కథ నీరసమనో, ఫోన్ వేడెక్కుతోందనో. ఒక్కటి కూడా లేకపోతే రాసినవాడు మీ కోసం రాయలేదు.

ప్రశ్న: అన్నా, మేమాడే గేమ్‌లో అప్‌డేట్ వచ్చి అంతా చెడగొట్టారు. మా గ్యాంగ్ అంతా ప్లే స్టోర్‌కి వెళ్లి 1 స్టార్ ఇచ్చేశాం. మా అక్క ఇది తప్పంటోంది. తప్పా? (ఇంటర్ విద్యార్థి, తిరుపతి)

జవాబు: మీరు ఆడుతున్న గేమే, చెడింది గేమే, కోపం దాని మీదే. తప్పేం లేదురా. ఏం చెడగొట్టారో రెండు లైన్లు రాసి ఉంటే ఇంకా బాగుండేది. దీన్నే పెద్ద ఎత్తున చేస్తే రివ్యూ బాంబింగ్ అంటారు, అందులో న్యాయమైనవీ ఉన్నాయి, దరిద్రమైనవీ ఉన్నాయి.

న్యాయమైనదానికి హెల్‌డైవర్స్ 2 మంచి ఉదాహరణ. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, జనం ఎగబడి ఆడారు. మే నెలలో సోనీ హఠాత్తుగా పీసీలో ఆడేవాళ్లందరూ ప్లేస్టేషన్ అకౌంట్ పెట్టుకోవాల్సిందే అంది. చాలా దేశాల్లో ఆ అకౌంట్ సౌకర్యమే లేదు, గేమ్ మాత్రం అక్కడ అమ్మేశారు! మూడు నాలుగు రోజుల్లో స్టీమ్‌లో రెండు లక్షలకు పైగా నెగటివ్ రివ్యూలు పడ్డాయి, సోనీ వెనక్కి తగ్గింది. తయారుచేసిన స్టూడియో వాళ్లు ఆ రివ్యూల గ్రాఫ్‌నే బొమ్మగా పెట్టి గేమ్‌లో భుజాన వేసుకునే కేప్ ఒకటి డిజైన్ చేశారు, ఆ మాత్రం హాస్యం ఉండాలి.

రెండో రకం, ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2. 2020 జూన్ 19న విడుదలైంది. పూర్తి చేయాలంటే పాతిక గంటలు పడుతుంది. విడుదలైన కొన్ని గంటలకే మెటాక్రిటిక్‌లో వేలకొద్దీ సున్నాలు. ఎవరాడారు, ఎప్పుడాడారు? కథలో ఏం జరుగుతుందో లీకుల్లో చదివి మండిపోయినవాళ్లు ఎక్కువ. విమర్శకుల సగటు నూటికి 93, జనానిది ఆ తొలిరోజుల్లో పదికి నాలుగు కూడా లేదు. ఆ తర్వాతి నెలలో మెటాక్రిటిక్ కొత్త గేమ్‌కి 36 గంటల దాకా ఎవరూ యూజర్ రివ్యూ రాయకుండా ఆపింది. పాతిక గంటల గేమ్‌కి 36 గంటల గడువు, నిద్రపోకుండా ఆడేవాడికి సరిగ్గా సరిపోతుందేమో.

అన్నిటికంటే నవ్వొచ్చేది మనవాళ్లదే. 2017లో స్నాప్‌చాట్ అధినేత ఇండియాని పేద దేశం అన్నాడని వార్త వచ్చింది, ఆ కంపెనీ కాదంది, అది పక్కన పెట్టండి. మనవాళ్లు ఆవేశంగా వెళ్లి స్నాప్‌డీల్‌కి 1 స్టార్లు కొట్టారు. పాపం అది ఢిల్లీ వైపు కంపెనీ, సామాన్లు అమ్ముకుంటుంది! మీ గ్యాంగ్ కనీసం సరైన యాప్‌కి వేసిందో లేదో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: నమస్తే అండి. మా బాబుకి 11 ఏళ్లు. వాడు అడిగే గేమ్‌కి ప్లే స్టోర్‌లో 4.5 ఉంది, పక్కన 16+ అని ఉంది. రేటింగ్ అంత మంచిగా ఉంది కదా, ఆడనివ్వొచ్చా? (టీచర్, నెల్లూరు)

జవాబు: టీచర్ గారూ, ఆ రెండూ ఒకదానికొకటి సంబంధం లేని అంకెలు. 4.5 అంటే ఆడినవాళ్లకి నచ్చిందని. 16+ అంటే అందులో ఉన్నది పదహారు లోపు పిల్లలకి తగదని. బాగా తీసిన హింస కూడా హింసే కదా.

ఈ వయసు ముద్రల కథ అమెరికాలో మొదలైంది. 1993లో మోర్టల్ కోంబాట్ లాంటి గేముల్లో రక్తపాతం చూసి అక్కడి సెనేట్ విచారణ పెట్టింది, ప్రభుత్వమే చట్టం తెచ్చేలోపు పరిశ్రమ తనే 1994లో ఈఎస్‌ఆర్‌బీ అనే సంస్థ పెట్టుకుంది. యూరప్‌లో 2003 నుంచి పెగి అనే ఇలాంటి పద్ధతే ఉంది. ప్లే స్టోర్‌లో మీరు చూసే 3+, 7+, 12+, 16+, 18+ మాత్రం మనిషి కూర్చుని ఆడి చూసి ఇచ్చింది కాదు. గేమ్ చేసినవాళ్లు ఒక ప్రశ్నావళి నింపుతారు, రక్తం ఉందా, బూతులున్నాయా, జూదం ఉందా అని, జవాబుల్ని బట్టి వయసు వస్తుంది. తప్పు రాస్తే తర్వాత మార్చే ఏర్పాటుంది గానీ మొదటి మాట వాళ్లదే.

మీరు ఆ అంకె దగ్గర ఆగిపోకండి, దాన్ని నొక్కితే వివరాలొస్తాయి. ఆడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు అని ఉందా, యాప్‌లో కొనుగోళ్లు ఉన్నాయా, ఈ రెండూ చూడండి. పదకొండేళ్ల పిల్లాడికి బొమ్మ తుపాకుల కంటే ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లతో వాయిస్ చాట్ ఎక్కువ ప్రమాదం, ఆ చాట్‌లో ఎవరేం మాట్లాడతారో ఏ రేటింగూ చెప్పలేదు. రెండోది మీ బ్యాంకు ఖాతాకి ప్రమాదం. ప్లే స్టోర్ తెరిచి ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో ఫ్యామిలీ, అందులో పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేసి 12+ పెట్టండి. ఒక పిన్ అడుగుతుంది, బాబు పుట్టినరోజు మాత్రం పెట్టకండి. కొనుగోలు చేసిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా కూడా సెట్టింగ్స్‌లోనే పెట్టుకోవచ్చు. వాడు అలుగుతాడు, రెండు రోజులకి వేరే గేమ్ అడుగుతాడు.

ప్రశ్న: గేమ్ స్టూడియోలో టెస్టర్‌గా చేస్తున్నాను. మా లీడ్ ప్రతి మీటింగ్‌లో 'మెటాక్రిటిక్ 80 దాటాలి' అని టెన్షన్ పెడతాడు. నిజంగా ఆ నంబర్ మీద డబ్బులు ఆధారపడతాయా? (గచ్చిబౌలి)

జవాబు: మీ కంపెనీ కాంట్రాక్టులో ఏముందో నేను చెప్పలేను గానీ, పరిశ్రమలో ఆధారపడిన సందర్భాలున్నాయి. ఫాలౌట్ న్యూ వెగాస్, 2010లో వచ్చింది, అబ్సిడియన్ స్టూడియో చేసింది. వాళ్లకి ఒప్పందం ప్రకారం ముందు ఇచ్చిన మొత్తమే, రాయల్టీ లేదు, మెటాక్రిటిక్‌లో 85 వస్తే మాత్రం బోనస్. వచ్చింది 84. 2012లో ఆ స్టూడియోవాళ్లలోనే ఒకరు ట్విట్టర్‌లో చెప్తే లోకానికి తెలిసింది. ఎక్కడో ఒక రివ్యూయర్ ఆ రోజు ఇంకాస్త మంచి మూడ్‌లో ఉంటే ఎంతోమందికి బోనస్ వచ్చేది. పైగా ఆ గేమ్ మీద పడ్డ దెబ్బ ఎక్కువగా బగ్‌ల వల్ల, అంటే మీ శాఖే. డెస్టినీ గేమ్ చేసిన బంగీ ఒప్పందం కోర్టు కేసులో బయటపడింది, అందులో గేమ్‌ర్యాంకింగ్స్ అనే సైట్‌లో 90 వస్తే 25 లక్షల డాలర్లు అని ఉంది. రాలేదు. ఒక పేరున్న స్టూడియో ఉద్యోగ ప్రకటనలో '85 దాటిన గేమ్ ఒక్కటైనా చేసి ఉండాలి' అని కూడా అడిగింది.

మీ లీడ్‌కి ఈసారి మెల్లగా చెప్పండి, 80 కావాలంటే టెస్టర్లు రాసిన బగ్‌లు సరిచేయడానికి ఇంకో నెల ఇవ్వాలి అని. మెల్లగానే చెప్పండి, అప్రైజల్ అయ్యాక.

ప్రశ్న: నో మ్యాన్స్ స్కై 2016లో కొని తిట్టుకుని పక్కన పడేశాను. ఇప్పుడు మా అబ్బాయి అద్భుతం అంటున్నాడు. పాత రివ్యూలు అబద్ధమా, కొత్తవి అబద్ధమా? (డల్లాస్)

జవాబు: గేమే మారిపోయింది. 2016 ఆగస్టులో చెప్పినవి సగం కూడా లేకుండా వచ్చింది, జనం ఉతికి ఆరేశారు. చేసిన చిన్న బృందం నోరు మూసుకుని ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూ పోయింది. 2024 చివరికి స్టీమ్‌లో మొత్తం రివ్యూలు 'వెరీ పాజిటివ్' దాకా వచ్చాయి, అప్పటి తిట్లన్నీ లెక్కలో ఉంచుకునే. మీ దగ్గర కాపీ ఉంది కాబట్టి పైసా ఖర్చు లేదు, పెట్టి చూడండి.

పత్రికల రివ్యూలకి ఇది పెద్ద చిక్కు. 2013లో సిమ్‌సిటీ వచ్చినప్పుడు పాలీగాన్ అనే సైట్ ముందు 9.5 ఇచ్చింది. విడుదలయ్యాక సర్వర్లు కూలిపోయి ఎవరూ ఆడలేకపోయేసరికి 8 చేసింది, తర్వాత 4 చేసింది, కొంచెం కుదుటపడ్డాక 6.5. ఒక్క రివ్యూకి నాలుగు మార్కులు! 2017లో ప్రే అనే గేమ్ పీసీ వెర్షన్‌కి ఐజీఎన్ అనే సైట్ 4 ఇచ్చింది, ఎందుకంటే రివ్యూ చేసేవాడి సేవ్ ఫైల్ (ఎక్కడిదాకా ఆడామో దాచిపెట్టేది) పాడైపోయి ముందుకు వెళ్లే దారే లేకుండా పోయింది. బగ్ సరిచేశాక 8 చేశారు. అప్పట్లో ఆ 4 చూసి చాలామంది మండిపడ్డారు గానీ నాకైతే అదే సరైన పని అనిపిస్తుంది. పదిహేను గంటలు ఆడిన సేవ్ పోతే మీరెంత ఇస్తారు? మెటాక్రిటిక్ మాత్రం ఇలా మార్చినవి తీసుకోదు, మొదట వేసిందే లెక్క. కాబట్టి అక్కడ కనిపించేది విడుదల రోజు నాటి ఫొటో అనుకోండి, ఏళ్లు గడిచిన గేమ్‌కి ఈమధ్య రివ్యూలే చదవండి.

ప్రశ్న: మన దేశం గేమ్ అయితే బాగోకపోయినా 5 స్టార్లు ఇవ్వాలి కదా? (ఖమ్మం)

జవాబు: వద్దు. 2021 జనవరి 26న ఫౌజీ అనే మన మొబైల్ గేమ్ వచ్చినప్పుడు అందరూ అదే చేశారు. పబ్జీ నిషేధం తర్వాత వచ్చింది కాబట్టి దానికి పోటీ అనుకుని డౌన్‌లోడ్ చేసి, ఆడకముందే స్టార్లు కొట్టారు. ఆడాక చూస్తే అలాంటి ఆటే కాదు. నాలుగు పైన ఉన్న రేటింగ్ రోజుల్లో మూడు దగ్గరికి జారింది. మొదటే సరిగ్గా చెప్పి ఉంటే ఆ పతనం ఉండేది కాదు. పుణే వాళ్లు 2020లో చేసిన రాజీ గేమ్ చూడండి, కోటలు, రంగులు, మన తోలుబొమ్మల్ని గుర్తుచేసే నీడబొమ్మలతో కథ చెప్పడం, వీటిని బయటి దేశాల విమర్శకులు బాగా మెచ్చుకున్నారు, ఫైటింగ్ తేలిపోయిందనీ, కథ హఠాత్తుగా ఆగిపోయిందనీ కూడా రాశారు. రెండూ నిజమే, నేనూ ఆడాను. ఆ స్టూడియోకి తర్వాతి గేమ్ చేసేటప్పుడు పనికొచ్చేది ఆ రెండో మాటే.

ప్రశ్న: నాకు తెలుగులో గేమ్ రివ్యూలు రాయాలనుంది. ఎవరైనా చదువుతారా? ఎలా మొదలుపెట్టాలి? (అనంతపురం)

జవాబు: చదువుతారు, ఈ పేజీకి వచ్చే మెయిళ్లే సాక్ష్యం. స్టీమ్ 2025 నుంచి భాషని బట్టి విడివిడిగా రివ్యూల స్కోరు చూపిస్తోంది, అక్కడి భాషల జాబితాలో తెలుగు లేదు, కాబట్టి మనవాళ్లు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి సరిపెట్టుకుంటున్నారు. జాగా ఖాళీగా ఉంది.

రెండు రివ్యూలు చూపిస్తాను. ఒకటి: 'గ్రాఫిక్స్ సూపర్, గేమ్‌ప్లే సూపర్, సౌండ్ యావరేజ్, కథ బాగుంది, 4/5.' ఇందులో ఏ గేమ్ పేరు పెట్టినా సరిపోతుంది కదా? ఇంకొకటి: 'పదిహేను వేల ఫోన్‌లో ఆడాను. మొదటి అరగంట బాగుంది, ఆ తర్వాత ఫోన్ పట్టుకోలేనంత వేడి. అక్షరాలు మరీ చిన్నవి, మా నాన్న చదవలేకపోయాడు. ఐదో లెవెల్ నుంచి ప్రతి రెండు నిమిషాలకి ఒక ప్రకటన, నెట్ ఆపేస్తే రావు.' దీనికి మార్కు లేదు, అయినా కొనాలో వద్దో తెలిసిపోయింది. ఇలాంటిది రాయండి. కథ చివర ఏమవుతుందో చెప్పకండి, ఎవరైనా కాపీ ఉచితంగా ఇస్తే మొదటి లైన్లోనే చెప్పేయండి, పూర్తి చేయకపోతే ఎక్కడ ఆపారో రాయండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

రాసింది మాకు పంపండి, ఐదువందల పదాలు దాటకుండా. ఏ ఫోన్‌లో, ఎంత ర్యామ్‌లో ఆడారో పైన వేయండి. అది లేనివి వేసుకోం.